నాడి చెప్పేదీ, ఆమె చెప్పేదీ

మన భాషలో నాడి పట్టుకోవడం అన్న మాట వైద్యం దాటి చాలా దూరం వచ్చేసింది. జనం నాడి తెలిసిన నాయకుడంటాం, పాఠకుల నాడి పట్టిన రచయిత అంటాం, మొగుడి నాడి తెలిసిన పెళ్ళాం అని కూడా అంటాం. ఈ వాడుకల్లో ఒక సంగతి గమనించండి. నాడి పట్టినవాళ్ళెవరూ ఎదుటి మనిషిని అడగరు. అడగకుండా తెలుసుకోవడమే అక్కడ గొప్ప. ఒక మనిషి నోరు తెరవకముందే ఆ మనిషి లోపలి సంగతి మనకి తెలిసిపోతే, దాన్ని నైపుణ్యం అనాలా, ప్రేమ అనాలా, దొంగతనం అనాలా? కొంతకాలంగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. వైద్యం నా రంగం కాదు, నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. కానీ మణికట్టు మీద వేళ్ళు ఆనించడం కూడా ఒక రకంగా చదవడమే. స్త్రీల దేహాన్ని ఎవరు ఎలా చదివారో చూడడం నా పని కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఆ పని ఎలా చేస్తారో చూద్దాం. మనిషిని అయిదు నిమిషాలు స్థిమితంగా కూర్చోనివ్వాలి. అరచేయి పైకి తిప్పి, బొటనవేలి మొదలుకి కింద, మణికట్టు ఎముక పక్కనున్న పల్లంలో చూపుడువేలు, మధ్యవేలు ఆనించాలి. గట్టిగా నొక్కితే నాడి అణిగిపోతుంది, మరీ తేలిగ్గా ఆనిస్తే అందదు. గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాలి. తొందరలో ఉన్నవాళ్ళు పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తారు. అప్పుడు ఒక దెబ్బ తప్పితే నాలుగు తప్పినట్టే. గతి తప్పుతున్న నాడికయితే ఈ అడ్డదారి పనికిరాదు, పూర్తి నిమిషం లెక్కపెట్టాల్సిందే. కొన్ని జబ్బుల్లో గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ అల మణికట్టు దాకా రాదు. అప్పుడు ఒకరు గుండె మీద స్టెతస్కోపు పెట్టి, ఇంకొకరు చేయి పట్టుకుని, ఒకే నిమిషంలో ఇద్దరూ లెక్కపెడతారు. రెండు లెక్కలకీ మధ్య తేడాయే అక్కడ సమాచారం. నర్సింగ్ విద్యార్థులకి తప్పకుండా చెప్పే జాగ్రత్త మరొకటుంది. బొటనవేలితో నాడి చూడకూడదు. బొటనవేలికి దాని నాడి దానికుంటుంది, ఎదుటివాళ్ళదనుకుని మనదే మనం లెక్కపెట్టుకుంటాం. (సాహిత్య విమర్శ రాసేవాళ్ళకి కూడా ఈ జాగ్రత్త ఎవరైనా చెబితే బాగుండును.)

నాడి గురించి పాశ్చాత్య వైద్య చరిత్రలో తరచూ చెప్పుకునే కథ గేలెన్‌ది. రెండో శతాబ్దంలో రోమ్‌లో పేరు మోసిన వైద్యుడు. ఒక స్త్రీకి నిద్ర పట్టడం లేదని అతన్ని పిలిచారు. జ్వరం లేదు. అడిగినవాటికి ఆమె పొడిపొడిగా జవాబు చెప్పింది, కొన్నిటికి చెప్పలేదు, చివరికి ముసుగు కప్పుకుని అటు తిరిగి పడుకుంది. ఏదో దాస్తోందని గేలెన్ పసిగట్టాడు. మరోసారి అతను అక్కడ ఉన్నప్పుడు ఎవరో వచ్చి, నాటకశాలలో పైలడీస్ అనే నర్తకుడి నాట్యం చూసి వస్తున్నానన్నారు. ఆమె ముఖం రంగు మారింది. గేలెన్ వెంటనే మణికట్టు పట్టుకున్నాడు, నాడి గతి తప్పింది. అక్కడితో ఆగలేదు. మర్నాడు తన మనిషి చేత వేరే నర్తకుడి పేరు చెప్పించాడు, నాడి మారలేదు. మళ్ళీ పైలడీస్ పేరు చెప్పించాడు, నాడి కలవరపడింది. ఆమె రోగం ప్రేమ అని తేల్చాడు. రోగనిర్ణయం మీద తాను రాసిన గ్రంథంలో ఈ విజయాన్ని గర్వంగా చెప్పుకున్నాడు. ఆమె పేరు మాత్రం చెప్పలేదు. ఆమె జస్టస్ అనే అతని భార్య, అంతే.

వైద్య చరిత్ర రాసేవాళ్ళు ఇందులో ప్రయోగ పద్ధతిని చూసి మెచ్చుకుంటారు. ఒక పేరు, ఇంకో పేరు, మళ్ళీ మొదటి పేరు. నిజమే, తెలివైన పద్ధతి. కానీ ముసుగు కప్పుకుని అటు తిరిగి పడుకున్న మనిషి ఒక మాట చెప్పింది కదా! చెప్పనని చెప్పింది. ఆ మాటని దాటడానికి ఆమె మణికట్టునే ఆమె మీద సాక్షిగా నిలబెట్టారు. నాడి మన ఇష్టప్రకారం నడవదు, అబద్ధం ఆడలేదు, అందుకని దాన్ని నమ్మవచ్చు అన్నది ఇక్కడ తర్కం. మనిషి వశంలో లేనిదే నిజం, వశంలో ఉన్న మాట అనుమానాస్పదం అన్నమాట.

ఇంతకంటే పాత కథ ఇంకొకటుంది. క్రీ.పూ. 294 ప్రాంతంలో సెల్యూకస్ రాజు కొడుకు ఆంటియోకస్ మంచం పట్టాడు. ఎవరు గదిలోకి వచ్చినా మామూలుగా ఉన్న యువకుడికి, సవతి తల్లి స్ట్రటొనీస్ వస్తే గుండె దడ, చెమట, తొట్రుపాటు. ఎరాసిస్ట్రటస్ అనే వైద్యుడు గుట్టు కనిపెట్టాడు. రాజు తన భార్యని కొడుక్కిచ్చి పెళ్ళి చేశాడు. ప్లూటార్క్ చెప్పిన ప్రకారం, ఆమె ఒప్పుకోకపోతే రాజు మేలే తన మేలని ఆమెకి నచ్చచెప్పమని మిత్రులకి పురమాయించాడు కూడా. ఎందరో చిత్రకారులు ఈ ఘట్టాన్ని బొమ్మ కట్టారు. ఇన్ని శతాబ్దాల్లో స్ట్రటొనీస్ చేయి పట్టుకుని నాడి చూడాలని ఎవరికీ తోచలేదు. అంటే స్త్రీ దాచుకున్నది బయటికి లాగడానికి నాడి, పురుషుడు దాచుకున్నది తీర్చడానికి నాడి!

ఈ తర్కం పాతబడిపోలేదు. 1921లో అమెరికాలోని బర్క్‌లీలో జాన్ లార్సన్ తయారుచేసిన అబద్ధాల యంత్రం రక్తపోటునీ నాడినీ ఊపిరినీ కాగితం మీద గీసేది. అతను దాన్ని మొదట వాడిన కేసుల్లో ఒకటి ఆడపిల్లల వసతిగృహంలో దొంగతనం. మన దేశంలో 2010లో సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా ఇలాంటి పరీక్షలు చెయ్యకూడదని తీర్పు చెప్పింది. తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగ హక్కు నోటితో చెప్పే మాటకే కాదు, దేహం నుంచి ఇలా రాబట్టే సమాచారానికీ వర్తిస్తుందన్నమాట. జస్టస్ భార్యకి దొరకనిది ఈ హక్కే.

ప్రబంధాల మీద పరిశోధన చేసినదాన్ని కాబట్టి మన వైపు చూడకుండా ఉండలేను. విరహంలో ఉన్న నాయిక దేహాన్ని మన కవులు ఎంత వివరంగా చదివారో చెప్పనక్కర్లేదు. వేడి నిట్టూర్పులు, వాడిపోయే తామరాకులు, చందనం, పన్నీరు, చెలికత్తెల శీతోపచారాలు. నాడి పేరెత్తకపోయినా అదంతా రోగనిర్ణయమే. అయితే పెద్దన వరూధిని దగ్గర ఒక తేడా ఉంది. ఆమె దేహాన్ని ఎవరో చదివి చెప్పేదాకా ఆగలేదు. తనకి కావలసింది ప్రవరుడికి నోరు విప్పి చెప్పింది. అతను కాదన్నాడు. ఆ తర్వాత ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చి ఆమె చెప్పుకున్న కోరికనే ఆమెని మోసగించడానికి వాడుకున్నాడు. గేలెన్ రోగి మౌనంగా ఉంటే దేహాన్ని చదివారు, వరూధిని మాట్లాడితే మాటని వాడుకున్నారు. మాట్లాడడమే విముక్తి అని మనం తరచూ అంటుంటాం. వినేవాడెవరో చూడకుండా ఆ మాట అనలేమని వరూధిని కథ చదివిన ప్రతిసారీ నాకనిపిస్తుంది.

మన వైద్యంలో నాడీ పరీక్ష చరకుడిలో, సుశ్రుతుడిలో లేదు. శార్ఙ్గధర సంహిత కాలానికి స్థిరపడింది. మూడు వేళ్ళ కింద నాడి పాములాగో జలగలాగో పాకితే వాతం, కాకిలా కప్పలా గెంతితే పిత్తం, హంసలా పావురంలా నడిస్తే కఫం. మన బసవరాజీయంలోనూ నాడికి పెద్ద స్థానముంది. ఆ ఉపమానాలు ఎంత అందమైనవో! కానీ అవి వైద్యుడి వేలికి తెలిసినవి, మరొకరు సరిచూడలేనివి. పురుషులకి కుడిచేయి, స్త్రీలకి ఎడమచేయి చూడాలన్న సంప్రదాయం గురించి ఎక్కువ చెప్పను. గుండె అందరికీ ఒకవైపే ఉంది.

నాడిని అంకెగా మార్చడానికి యూరప్‌కి చాలాకాలం పట్టింది. పదిహేడో శతాబ్దం తొలి ఏళ్ళలో ఇటలీలో శాంటోరియో ఒక లోలకం తయారుచేశాడు. దారం పొడవు తగ్గిస్తూ పెంచుతూ, ఊగడం నాడితో కలిసేదాకా సరిచేస్తాడు. అప్పుడు దారం పొడవెంతో అదే నాడి. అంటే తొలిరోజుల్లో నాడిని కొలబద్దతో కొలిచారు! 1707లో ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ సరిగ్గా ఒక నిమిషం నడిచి ఆగే గడియారం చేయించి, నాడిని నిమిషాల్లో లెక్కపెట్టడం గురించి పుస్తకం రాశాడు. ఇప్పుడు మనం వాడే లెక్క అదే. అంకె వచ్చాక గురువు వేలి కింద ఉన్న రహస్యం పోయింది. పదో తరగతి చదివిన ఆశా కార్యకర్త లెక్కపెట్టినా, పెద్ద ప్రొఫెసర్ లెక్కపెట్టినా డెబ్భయి రెండు డెబ్భయి రెండే. ఈ ప్రజాస్వామ్యాన్ని నేను తక్కువ చెయ్యను. అంకెలన్నీ పితృస్వామ్యం చేతి ఆయుధాలేనని మన వైపు నుంచి వచ్చే వాదన నాకు ఒప్పుదల కాదు.

విశ్రాంతిలో ఉన్న పెద్దవాళ్ళకి నిమిషానికి 60 నుంచి 100 దాకా మామూలు అంటారు. స్త్రీల నాడి సగటున పురుషులకంటే కొంచెం వేగం, ఎందుకంటే గుండె పరిమాణం చిన్నది. బిందె చిన్నదయితే బావికి ఎక్కువసార్లు తిరగాలి. గర్భంతో ఉన్నప్పుడు ఇంకా పది, ఇరవై పెరుగుతుంది. రక్తహీనత ఉన్నా అంతే, ప్రతి బిందెలో నీళ్ళు పలచనయ్యాయి కాబట్టి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం రక్తహీనులు. సగం మందికి పైగా ఆడవాళ్ళ గుండెలు తిరగాల్సినదానికంటే ఎక్కువసార్లు బావికి తిరుగుతున్నాయన్నమాట. గుండె దడగా ఉందంటే మాత్రం ఆడవాళ్ళకి భయమెక్కువ అంటారు.

మనిషి నిజంగానే మాట్లాడలేని సందర్భం ఒకటుంది, మత్తు. దాని చరిత్రలో హైదరాబాదుకి పెద్ద చోటుంది. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు బల్ల మీదే చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? మత్తు ఇచ్చే డాక్టరు నాడి మీద వేలుంచాలా, ఊపిరి మీద కన్నుంచాలా? ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే చూడాలని పట్టుబట్టాడు. నిజాం డబ్బుతో 1888లోనూ 1889లోనూ రెండు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి అతని మాటే నిజమన్నాయి. తేలిక మత్తులో క్లోరోఫామ్ గుండెని హఠాత్తుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాక ఆ నిశ్చయం చెదిరిపోయింది. ఆ కమిషన్ల పనిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఉంది. 1885లో హైదరాబాదు మెడికల్ స్కూల్లో చేరిన కొద్దిమంది ఆడవాళ్ళలో ఒకరు. ప్రపంచంలోనే తొలితరం మత్తు వైద్యురాలు. నగరంలో క్లోరోఫామ్ ఇచ్చే పని ఏళ్ళ తరబడి చేసింది. మాట్లాడలేని మనిషి పక్కన కూర్చుని, ఊపిరినీ నాడినీ కనిపెట్టుకుని ఉండడం ఆమె వృత్తి. గేలెన్ చేసిందీ అడగకుండా చదవడమే, రూపాబాయి చేసిందీ అడగకుండా చదవడమే. ఒకరు దాచుకున్నదాన్ని లాగారు, ఇంకొకరు స్పృహ లేనప్పుడు ఆ మనిషి తరఫున మెలకువగా ఉన్నారు. అందుకే అడగకుండా నాడి చూడడం తప్పని నేను ఒక్కమాటలో తేల్చలేను.

ఇక మాట్లాడుతున్నా వినపడని మనిషి సంగతి. మా అక్క నల్లగొండ జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచరు. 2017లో మొదలైంది. ప్రార్థన సమయంలో నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మడం, గుండె గొంతులో కొట్టుకోవడం, నల్లబల్ల పట్టుకుని నిలబడాల్సి రావడం. నాలుగేళ్ళలో ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిరిగింది. అందరికీ ఒకటే మాట చెప్పింది. "నిలబడితెనే దడ వస్తది సార్, పండుకుంటె తక్కువైతది." ముగ్గురూ స్టూలు మీద కూర్చోబెట్టి నాడి చూశారు. 82, 86, 84. ఇ.సి.జి. బాగానే ఉంది. రక్తం తక్కువని ఐరన్ మాత్రలిచ్చారు, రక్తం పెరిగింది, దడ పోలేదు. టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఒకాయన అక్కని వదిలేసి బావని అడిగాడు, ఇంట్లో ఏమైనా గొడవలా అని. ఆ తర్వాత బావ కూడా అక్కని కొంచెం అనుమానంగానే చూశాడు.

2021 చివర్లో వేరే ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, పెద్ద వయసు నర్సు ఒకావిడ అక్క మాట విని, "నిలబడితె వస్తదంటున్నవ్ గదమ్మా, మరి నిలబెట్టే చూద్దం" అంది. పది నిమిషాలు పడుకోబెట్టింది. నాడి 74. లేపి నిలబెట్టింది. నిమిషానికి 98, అయిదో నిమిషానికి 110, పదో నిమిషానికి 116. రక్తపోటు పడిపోలేదు. ఆ పది నిమిషాలూ అక్క పడిపోకుండా రెండో చేయి పట్టుకునే ఉంది. తర్వాత డాక్టరు దాని పేరు చెప్పారు, పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకికార్డియా సిండ్రోమ్, కురచగా పాట్స్. నిలబడిన పది నిమిషాల్లో, రక్తపోటు పడిపోకుండానే, నాడి కనీసం 30 పెరగడం దాని గుర్తు. పదిహేను నుంచి యాభై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలోనే ఎక్కువ. 1993లో దానికి ఈ పేరు పెట్టారు. నీళ్ళు, ఉప్పు, బిగుతు మేజోళ్ళు, పడుకుని చేసే వ్యాయామాలు, ఇవీ వైద్యం. (అమెరికా అంతర్యుద్ధం సైనికుల్లో దీన్ని కొంత పోలిన లక్షణాలు చూసి 1871లో డాకోస్టా రాశాడు. మగవాళ్ళకొచ్చినప్పుడు దానికి సైనికుడి గుండె అని పేరొచ్చింది. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి టెన్షన్ అయింది.)

కాగితం మీద ఆ అంకెలు చూసి అక్క ఏడ్చింది. "నేను అబద్ధమాడలేదే" అంది నాతో. నాకు సంతోషం కంటే కోపం ఎక్కువ కలిగింది. నాలుగేళ్ళు నోటితో చెప్పిన మాటకి లేని విలువ పది నిమిషాల అంకెకి వచ్చింది. నిజం చెప్పిన మనిషి తన నాడిని జామీను పెట్టి విడుదల కావాల్సి వచ్చింది. మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో దీనికి పేరుంది. వినేవాడికున్న దురభిప్రాయం వల్ల చెప్పేవాళ్ళ మాటకి రావలసిన నమ్మకం రాకపోవడం, సాక్ష్యంలో జరిగే అన్యాయం. అక్కకి జరిగింది అదే అని మొదట అనుకున్నాను. అంకె వచ్చి ఆ అన్యాయాన్ని సరిచేసిందని.

కానీ జరిగిన క్రమం మళ్ళీ చూస్తే అంత తేలిగ్గా లేదు. ముగ్గురు డాక్టర్ల దగ్గరా అంకెలున్నాయి. అవి తప్పుడు అంకెలు కావు, కూర్చున్న మనిషి నాడి నిజంగానే 84. కాకపోతే అక్క అడగని ప్రశ్నకి అవి జవాబులు. 116 అనే అంకె ఎక్కడ, ఎప్పుడు, ఏ భంగిమలో దొరుకుతుందో యంత్రానికి తెలియదు, అక్కకి తెలుసు. "నిలబడితెనే" అన్న ఆ ఒక్క మాటే కొలత ఎక్కడ జరగాలో చెప్పింది. నర్సు ఆ మాటని ముందు నమ్మింది, తర్వాత లెక్కపెట్టింది. అంకె వచ్చాక అక్క మాట నిజమయిందనడం క్రమం తలకిందులు చెయ్యడం. ఆమె మాట లేకపోతే ఆ అంకే పుట్టేది కాదు.

అయితే రోగులు చెప్పిందల్లా నమ్మాలా అని ఒక డాక్టరు స్నేహితురాలు నన్నడిగింది. న్యాయమైన ప్రశ్న. గుండె దడ అన్నవాళ్ళందరికీ జబ్బు ఉండదు, బెంగతో వచ్చే దడా ఉంటుంది, అది కూడా దడే. ఓ.పి.లో ఒక్కో మనిషికి మూడు నిమిషాలు దొరికే చోట పడుకోబెట్టి, నిలబెట్టి ఇరవై నిమిషాలు ఎవరు చూస్తారు అని కూడా అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ లెక్క ప్రభుత్వం చెప్పాలి. కానీ నేను అడుగుతున్నది రోగి తేల్చిన రోగాన్ని ఒప్పుకోమని కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తున్నప్పుడు అని ఆమె చెప్పినదాన్ని కొలత వివరంగా తీసుకోమని. దానికి నమ్మకం కూడా అక్కర్లేదు, చెవి చాలు.

యంత్రాలు ఈ పని తప్పిస్తాయని ఆశపడేవాళ్ళున్నారు. కరోనా రోజుల్లో ఆక్సీమీటరు ఇంటింటికీ వచ్చింది. వేలిలోంచి వెలుతురు పంపి నాడినీ ఆక్సిజన్‌నీ చెబుతుంది. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా అది కనిపెట్టలేకపోవడం తెల్లవాళ్ళకంటే దాదాపు మూడురెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో ఒక అధ్యయనం చూపించింది. ఏ చర్మాన్ని మామూలు చర్మం అనుకున్నామన్నది యంత్రం లోపల ముందే రాసిపెట్టి ఉంది. ఊపిరి ఆడడం లేదని మనిషి చెబుతోంది, అంకె బాగానే ఉందంటోంది. అలాంటప్పుడు ఎవరి మాట వినాలన్నది యంత్రం చెప్పలేదు.

అక్క ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. పేజీ మధ్యలో గీత గీసి ఒకవైపు అంకెలు రాస్తుంది, రెండోవైపు ఆ సమయానికి ఏం చేస్తోందో. ముగ్గు వేసి లేచాక 112. నాలుగో తరగతికి ఎక్కాలు చెప్పాక 108. అత్తగారికి స్నానం చేయించాక లెక్కపెట్టలేదు, కూలబడ్డాను. పోయిన నెల చూపించుకోవడానికి వెళితే నేనూ తోడు వెళ్ళాను. కొత్త డాక్టరమ్మ, చిన్నపిల్ల. అంకెల వరస మీద వేలు పోనిస్తూ గబగబా చూసి, "బాగా తగ్గినయ్ మేడం" అంది. అక్క పుస్తకాన్ని మెల్లగా ఆమె వైపు జరిపి, "ఇటు పక్క గూడ చదువమ్మా" అంది. ఆ అమ్మాయి కళ్ళజోడు సర్దుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు.